నాలుగో రాయి

మార్చి పద్నాలుగు, ఆదివారం. ఆ పొద్దున మేం తిన్నది కాల్చిన బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, చెరో అరటిపండు. తేదీ గుర్తుండడానికి కారణం వేరే ఉంది. గుడ్లు గుర్తుండడానికి కారణం మాత్రం నా మనవరాలు. పచ్చసొనలు రెండూ తను తీసుకుని తెల్లసొనలు నా పళ్ళెంలోకి తోసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు మా ఆవిడ చేసిన పని అదే. ఈ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఇలాంటివి జరిగినప్పుడు నేను పైకి ఏమీ అనను. మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుని తినేస్తాను.

ఉడకబెట్టే ముందు గుడ్లను నీళ్ళగిన్నెలో వేసి చూడడం నా అలవాటు. మునిగితే మంచిది, తేలితే పారెయ్యాలి.

"గుడ్డయితే మునగాలి, కోటు అయితే తేలాలి. గుర్తుంటుందా తాతయ్యా, అక్కడికెళ్ళి తలకిందులు చేస్తావా?" అంది.

"ముప్ఫై ఏళ్ళు వాతావరణ శాఖలో పనిచేసినవాణ్ణే."

"అందుకే అడుగుతున్నా."

దాన్ని అందరూ బుడగ అంటారు. మొదటిసారి ఈతకు దింపినప్పుడు చేతులాడించకుండా నీళ్ళలో మూతి పెట్టి బుడగలు వదులుతూ కూర్చుంది. అప్పుడు దానికి నాలుగేళ్ళు, ఇప్పుడు పదకొండు. మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. ఆదివారం డ్యూటీ పడితే పిల్ల నా దగ్గరే ఉంటుంది. నాకూ ఒక పేరుంది. రేవులో నన్ను గాలివానగారు అంటారు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే షెడ్డు దగ్గరికెళ్ళి, గాలి ఎటు, ఎంత, సాయంత్రానికి ఎలా ఉండొచ్చు అన్నది బోర్డు మీద సుద్దతో రాసి వస్తాను. నేను ఎండ అని రాసిన రోజున జనం గొడుగులు తెచ్చుకుంటారని ఒక ఎగతాళి ఉంది. అందులో కొంత నిజమూ ఉంది.

కోటు అంటే లైఫ్ జాకెట్. మా రేవులో ఎవరూ జాకెట్ అనరు. ఆ మాట మాన్పించింది మా ఆవిడే. "రేవు నిండా మగవాళ్ళుంటే, నా జాకెట్ ఏదీ అని అరవమంటారా?" అని సంఘం మీటింగులో అడిగిందట. అప్పటి అధ్యక్షుడికి టీ గొంతుకు అడ్డంపడింది. దగ్గు తగ్గాక, ఇకమీదట కోటు అనే అనాలని తీర్మానం రాయించాడు.

మా నది వెంబడి పద్దెనిమిది రేవులున్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే పడవల సంఘం. పందేలు పెడతారు, కప్పులు గెలుస్తారు, వాటిని అద్దాల బీరువాలో పెట్టి దుమ్ము తుడవడం మర్చిపోతారు. నాకు ఆ కప్పుల మీద పెద్ద గౌరవం లేదు. నా గౌరవమంతా షెడ్డు బయటి గోడ మీదున్న ఇరవై కొయ్యల మీద. ఆ కొయ్యలకు ఇరవై కోట్లు వేలాడుతుంటాయి. ఎవరైనా తీసుకోవచ్చు. పేరు రాయక్కర్లేదు, అడగక్కర్లేదు, పని అయ్యాక తెచ్చి తగిలిస్తే చాలు. లోపల పెట్టి తాళం వెయ్యాలని మొదట్లో కొందరు పట్టుబట్టారు. "తాళం ఉంటే, అది తీసేవాడి కోసం ఎవడూ ఆగడు. కోటు లేకుండానే వెళ్తాడు" అంది మా ఆవిడ. ఇన్నేళ్ళలో పోయినవి రెండు. అందులో ఒకటి ఏడాది తర్వాత ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఉండగా దొరికింది. ఎవరు తెచ్చారో ఇప్పటికీ తెలీదు.

ఇక ఆ ఆదివారం సంగతి. ఏటా మార్చి రెండో ఆదివారం పద్దెనిమిది రేవుల్లోనూ ఒకేసారి కోట్ల పరీక్ష జరుగుతుంది. సంఘానివీ, సభ్యుల సొంతవీ, ఒక్కటి కూడా వదలకుండా అన్నిటినీ నీళ్ళలో వేస్తారు. పిల్లల కోటుకు రెండు రాళ్ళ సంచి కడతారు, పెద్దవాళ్ళదానికి నాలుగు రాళ్ళది. రేవు పక్కన వల కట్టిన మడుగులో గంటసేపు వదిలేస్తారు. ప్రతి కోటుకూ మెడ దగ్గర వేలెడంత తెల్ల పట్టీ ఉంటుంది. గంటయ్యేసరికి ఆ పట్టీ నీటిపైన కనిపిస్తే కోటు గెలిచినట్టు. భుజం మీద ఆ ఏటి రంగు చుక్క పెడతారు. ఈసారి ఆకుపచ్చ. చుక్క లేని కోటుతో పడవెక్కనివ్వరు. పట్టీ మునిగితే, కోటు ఎవరిదైతే వాళ్ళే, అందరి ముందూ కత్తెరతో దాన్ని రెండు ముక్కలు చెయ్యాలి.

ఈ కత్తెర రివాజు వెనక సంఘం చేసిన ఒక తప్పుంది. దాన్ని వాళ్ళు దాచుకోరు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెబుతారు.

పద్నాలుగేళ్ళ కిందట పరీక్షలో ఓడిన డజను కోట్లను అలాగే షెడ్డు వెనక చెత్తలో పడేశారు. పైకి చూస్తే బాగానే ఉన్నాయి. అవతలి ఒడ్డున మూటలు మోసుకునే మనిషి ఒకడు అందులోంచి ఒకటి ఏరుకున్నాడు. కోటుంది కదా అనే ధైర్యంతో ఒక గాలిరోజున చిన్న పడవలో బయలుదేరాడు. నడినీళ్ళలో పడవ బోల్తాపడింది. కోటు నీళ్ళు తాగి బరువెక్కి అతన్నే కిందికి లాగింది. పడవ చెక్క చేతికి దొరకబట్టి బతికాడు. గంటన్నర దాన్నే కరుచుకుని ఉన్నాడు.

మర్నాడు సంఘం కమిటీ మొత్తం, పదకొండు మంది, అతని ఒంటిగది ఇంటికి వెళ్ళారు. కూర్చోడానికి చోటు లేక అందరూ నిలబడే ఉన్నారు. "తప్పు మాది" అన్నారు. మా ఆవిడ ఇంకో మాట కూడా అంది. "మళ్ళీ ఇలా జరక్కుండా చూసే మనిషి కావాలి. నీకంటే ఎక్కువ పట్టించుకునేవాళ్ళు మాలో ఎవరూ ఉండరు." అంటూ సంచిలోంచి తన బట్టలు కత్తిరించే కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ ఆమెకిచ్చిన కత్తెర అది, జానెడున్నర పొడుగు, నల్ల పిడి. ఆ సాయంత్రం ఇంట్లో కర్టెన్లు కత్తిరించబోయి, కత్తెర లేదని గుర్తొచ్చి నవ్వుకుంది.

ఇప్పుడతను షెడ్డు చూసుకునే మనిషి. పిల్లలూ పెద్దలూ అందరికీ కత్తెర బాబాయే.

మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. నీళ్ళకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆస్పత్రి మంచం మీద, ప్రశాంతంగానే పోయింది. ఆమె బట్టలు అమ్మాయి పట్టుకెళ్ళింది. కళ్ళజోడు సొరుగులో ఉంది. నారింజరంగు కోటు మాత్రం ఆమె కూర్చునే కుర్చీకి తగిలించి ఉంచాను. ఆ కోటుతోనే ఆమె పదేళ్ళలో రెండు వందల మందికి పైగా ఆడవాళ్ళకు ఈత నేర్పింది. గజ ఈతగత్తె అయినా అది తొడుక్కోకుండా పడవెక్కేది కాదు. "నాకు ఈత వచ్చని నీళ్ళకెవరు చెప్పారు?" అనేది.

ఆ మధ్యాహ్నం నాలుగింటికి బుడగ మొదటిసారి నది దాటాలి. సంఘంలో ఈత నేర్చుకున్న పిల్లలు పదకొండో ఏట తెడ్డు పట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళి రావడం ఇక్కడ రివాజు. అమ్మమ్మ కోటు వేసుకుంటానని ఏడాదిగా అంటోంది. మా ఆవిడ పొట్టి, ఇది పొడుగు, సరిగ్గా సరిపోతుంది. నేను మాటిచ్చాను. నీళ్ళలో దింపక మూడేళ్ళయినా, ఎండకూ వానకూ తగలకుండా ఇంట్లో భద్రంగా ఉన్న కోటు. ఓడిపోతుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఎనిమిదింటికి అన్ని కోట్లూ మడుగులోకి దిగాయి. డెబ్భై ఆరు. ఎరుపు, పసుపు, నారింజ. నీళ్ళలో పూలు పోసినట్టుంది. రిజిస్టరు రాసే పని నాది. మా ఆవిడ కోటుకు నేనే నాలుగు రాళ్ళ సంచి కట్టి, రేవు చెక్కల చివరన, నాకు కనబడేటట్టు వదిలాను.

ఎనిమిదీ పది దాకా హాయిగా తేలింది. ఎనిమిదీ ఇరవైకి ఒక పక్కకు వాలింది. ఎనిమిదిన్నరకు తెల్ల పట్టీని నీళ్ళు తాకాయి.

అప్పుడే టీ వచ్చింది. అందరూ షెడ్డు ముందుకు నడిచారు. సెక్రటరీగారు గట్టిగా పిలిచారు. ఈవిడ రేవు దగ్గర మందుల షాపు నడుపుతారు, నన్ను అన్నయ్యగారూ అంటారు. "అన్నయ్యగారూ, కోట్లు ఎక్కడికీ పారిపోవు, వచ్చి టీ తాగండి!"

"వస్తున్నానమ్మా" అన్నాను గాని కదల్లేదు.

పట్టీ సగం మునిగింది.

నా బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. చదువుకున్నవాడి బుర్ర ఇలాంటప్పుడే చురుగ్గా పనిచేస్తుంది. ఇది పెద్దవాళ్ళ కోటు, నిజమే. కాని వేసుకునేది చిన్నపిల్ల. దాని బరువెంత? పెద్దమనిషిలో సగం. సగం బరువుకు నాలుగు రాళ్ళెందుకు? మూడు చాలు. ఇది మోసమేం కాదు, సవరణ. వాతావరణ శాఖలో ఇలాంటి సవరణలు ఎన్ని చెయ్యలేదు? ఒక్క ఏడాది గడిస్తే చాలు. వచ్చే ఏడు ఇంకో కోటు కొంటాను, దీన్ని మళ్ళీ కుర్చీకి తగిలిస్తాను. కత్తెర తగలనక్కర్లేదు.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మోకాళ్ళ మీద కూర్చుని, కోటును దగ్గరికి లాగి, సంచి ముడి విప్పి ఒక రాయి తీశాను. తడి రాయిని జేబులో వేసుకున్నాను. కోటు మెల్లగా పైకి లేచింది. తెల్ల పట్టీ నీళ్ళపైన మెరిసింది.

ప్యాంటు జేబు తడిసి తొడకు చల్లగా తగులుతోంది. లేచి నిలబడేసరికి చెక్కల మీద పరుగెత్తుకొస్తున్న చప్పుడు. బుడగ.

"తాతయ్యా, తేలుతోందా?"

"నువ్వే చూడు."

అది చూడనైనా లేదు. "అమ్మమ్మది తేలకపోవడమేంటి!" అంటూ నా పక్కన కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. గొంతు తగ్గించి, "నీకొకటి చెప్తా, అమ్మకు చెప్పొద్దు" అంది.

"చెప్పను."

"నాకు నడిమధ్య అంటే భయం. అక్కడ అడుగు కనపడదు కదా. రాత్రి కలొచ్చింది కూడా."

"మరి మానేస్తావా?"

"ఛ, అమ్మమ్మ కోటుంది కదా. ఒకవేళ పడ్డా, ఏమీ చెయ్యను, ఊరికే పడుకుంటా. చేతులు కూడా ఆడించను. అదే మోస్తుంది. అందుకే ఇప్పుడు భయం లేదు." లేచి గౌను దులుపుకుంది. "టీ దగ్గర బిస్కట్లు అయిపోతున్నాయి. నీకు రెండు దాచి ఉంచనా?"

"ఉంచు" అన్నాను.

అది పరుగెత్తింది. నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. చేతులు కూడా ఆడించను, అంది. ఒక్కసారి నమ్మితే చాలు, పిల్ల తన మొత్తం బరువు దాని మీద వదిలేస్తుంది. ఆ బరువుతో నేను లెక్కలు వేసుకుంటున్నాను.

మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాను. నాలుగో రాయిని సంచిలో వేసి, ముడి గట్టిగా బిగించి వదిలాను. కోటు ఒక్కసారి ఊగి, తెల్ల పట్టీ పూర్తిగా నీళ్ళలోకి వెళ్ళింది. లోపల అది పాలరంగులో కనిపిస్తూనే ఉంది. చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదింటికి గంట కొట్టారు. డెబ్భై ఆరులో ఓడినవి మూడు. సంఘానివి రెండు, మాది ఒకటి. రిజిస్టరులో నేనే రాశాను. అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి. బుడగ నా భుజం మీంచి చదివింది. నా చొక్కా అంచు పట్టుకుంది.

సెక్రటరీగారు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగారు. "అన్నయ్యగారూ, నేను చెయ్యనా?"

"వద్దమ్మా. నేనే చెయ్యాలి కదా."

కోటు కొయ్యడానికి కూడా ఇక్కడ ఒక పద్ధతుంది. అందరూ లేచి నిలబడతారు. కోటు తాలూకు మనిషి అది ఎవరిదో, ఎన్నేళ్ళు పనిచేసిందో చెబుతాడు. మిగతావాళ్ళు "మోసింది చాలు" అంటారు. అంతే. మొదట సంఘం కోట్లు రెండూ సెక్రటరీగారు కోశారు. ఒకటి తొమ్మిదేళ్ళది, ఒకటి ఆరేళ్ళది. తర్వాత కత్తెర బాబాయ్ నా దగ్గరికొచ్చి, పిడి నా వైపు ఉండేలా కత్తెర అందించాడు. ఆ పిడి నల్లరంగు బొటనవేలు దగ్గర అరిగిపోయి ఉంటుంది. అరగదీసింది మా ఆవిడ బొటనవేలు.

"మా ఆవిడది" అన్నాను. "పదమూడేళ్ళు. పదేళ్ళు నీళ్ళలో, మూడేళ్ళు ఇంట్లో."

"మోసింది చాలు" అన్నారు అందరూ.

తడి గుడ్డ తేలిగ్గా తెగదు. నాలుగుసార్లు నొక్కాల్సొచ్చింది. వీపు భాగం తెరుచుకోగానే సెక్రటరీగారు ముందుకు వంగి, లోపలి ఫోమును వేళ్ళతో నొక్కి చూశారు. ముందు వైపు దిమ్మలు మందంగా ఉన్నాయి. వీపు వైపుది మాత్రం అప్పడంలా అణిగిపోయింది.

"దీనికి ఎవరైనా ఆనుకుని కూర్చునేవారా?"

రోజూ సాయంత్రం ఆ కుర్చీలో, ఆ కోటు వీపుకు ఆనించుకుని పేపరు చదివేవాణ్ణి. మూడేళ్ళు. ఒక్కోసారి నిద్రపోయేవాణ్ణి కూడా. ఆ ఫోము మీద పడిన పల్లం నా వీపుదే.

"నేనేనమ్మా" అన్నాను.

షెడ్డు తలుపు మీద ఒక బోర్డుంది. కోటు మీద కూర్చోరాదు, దిండుగా వాడరాదు, ఆనుకోరాదు, ఫోము అణిగిపోవును. అది ఎనిమిదేళ్ళ కిందట మా ఆవిడ చెబుతుంటే నేను రాసింది. నా చేతిరాతే. దాన్ని చూడకూడదని అందరూ ఎంత ప్రయత్నించారంటే, ఇరవై మంది ఒకేసారి నదికేసి చూడడం మొదలెట్టారు. చివరికి నేనే నవ్వాను. "బోర్డు రాసినవాడు చదవాలని అందులో ఎక్కడా లేదు" అన్నాను. అప్పుడందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు ఊపిరాడింది.

బుడగ మాత్రం నవ్వలేదు. ముక్కలైన కోటు జేబులో చెయ్యి పెట్టి విజిలు బయటికి తీసింది. ప్లాస్టిక్కుది, పసుపుపచ్చది, దారం రంగు వెలిసిపోయింది. "ఇది కూడా కొయ్యాలా?"

"విజిలు మోగితే ఉంచుకోవచ్చు" అన్నాడు కత్తెర బాబాయ్. "ఊది చూడు. పరీక్ష పరీక్షే."

బుడగ నోట్లో పెట్టుకుంది. అమ్మమ్మ ఎలా ఊదేదో దానికి తెలుసు. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆ ఈల వినగానే, నేర్చుకునేవాళ్ళు ఎక్కడున్నా ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో పక్కనున్న జతమనిషిని పట్టుకోవాలి. మునిగినవాళ్ళెవరో క్షణంలో తేలిపోయే ఉపాయం.

ఊదింది.

షెడ్డు ముందు నిలబడ్డ ఆడవాళ్ళు ఠక్కున చేతులెత్తారు. చేపల బుట్టతో నడుస్తున్న ఆవిడ ఎత్తింది. బ్యాంకులో పనిచేసే ఆవిడ బిస్కట్టుతో సహా ఎత్తింది. రేవు చెక్కలు కడుగుతున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఎత్తి ఒకరి మణికట్టు ఒకరు పట్టుకున్నారు. సెక్రటరీగారైతే టీ గ్లాసున్న చెయ్యే ఎత్తేశారు. టీ అంతా చీర మీద పడింది. నడినీళ్ళలో ఒక పడవలో కూడా రెండు చేతులు లేచాయి. ఎత్తాక గాని ఎవరికీ తెలియలేదు, తాము చెయ్యెత్తామని. ఒకరినొకరు చూసుకున్నారు. కొందరు నవ్వారు. చేపలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "చచ్చేదాకా పోదే ఈ అలవాటు! మీ అమ్మమ్మ నా చెవిలో ఎక్కించి పోయింది" అని బుడగను తిట్టినట్టే మురిసిపోయింది.

నేను లెక్కపెట్టాను. నాకు కనిపించినంతవరకు పంతొమ్మిది చేతులు.

బుడగ విజిలు నోట్లోంచి తీసి చుట్టూ చూసింది. తర్వాత తిన్నగా షెడ్డు గోడ దగ్గరికి నడిచి, కొయ్యలకు తగిలించిన కోట్లలో ఆకుపచ్చ చుక్క తడి ఆరని ఒకదాన్ని తీసి తొడుక్కుంది. నీలంరంగుది, ఎవరిదీ కాదు, అందరిదీ. విజిలు దాని జేబుకు కట్టమని నాకిచ్చింది.

"భయం?" అన్నాను ముడి వేస్తూ, దానికి మాత్రమే వినబడేలా.

"కొంచెం ఉంది. ఉండనీ. చేతులు ఆడిస్తాలే."

అది అమ్మమ్మ అనే మాటలానే ఉంది.

నాలుగింటికి పిల్లల పడవ బయలుదేరింది. గాలి పడమటి నుంచి, తక్కువ. పొద్దున బోర్డు మీద నేను రాసింది అదే, ఈసారి నిజమైంది. పిల్లల పడవకు రెండు వైపులా పెద్దవాళ్ళ పడవలు వెళ్ళాయి. ఎవరూ వెళ్ళమనలేదు. పొద్దున చేతులెత్తినవాళ్ళలో సగం మంది వాటిలో ఉన్నారు. నడిమధ్యకు వెళ్ళాక నీలం కోటు ఒక్క క్షణం తెడ్డు ఆపింది. తర్వాత తెడ్డు మళ్ళీ నీళ్ళలోకి దిగింది. ఆ క్షణంలో ఏమైందని తర్వాత అడిగితే, "కిందికి చూశా. నిజంగానే కనపడలేదు" అంది తాపీగా.

సాయంత్రం రేవు ఖాళీ అయింది. మా అమ్మాయి డ్యూటీ దిగి వచ్చేదాకా మేం షెడ్డులోనే ఆగాం. బుడగ బల్ల మీద, కోటు విప్పకుండానే నిద్రపోయింది. "ఆనుకుంటే పాడవుతుంది" అని నేను లేపబోతే కత్తెర బాబాయ్ వారించాడు. "ఒక్క పూటకు ఏం కాదులెండి. పాపం, అలిసింది." తన తుండుగుడ్డ మడతపెట్టి తల కింద పెట్టాడు.

కత్తెర తుడిచి, నూనె రాసి, తలుపు వెనక మేకుకు తగిలించాడు. నా వైపు వీపు పెట్టి నిలబడే అన్నాడు.

"పొద్దున మీరు రాయి తీసినప్పుడు నేను లోపలే ఉన్నాను గాలివానగారూ. ఈ కిటికీలోంచి కనపడింది."

నా ముఖం వేడెక్కింది. "మరి అప్పుడే అడగలేదేం?"

"గంటకింకా ఇరవై నిమిషాలుంది కదా. మీరే వేస్తారేమోనని చూశాను."

"వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే తొమ్మిదింటికి సంచి విప్పి అందరి ముందూ లెక్కపెట్టేవాణ్ణి. మీరని చూసేవాణ్ణి కాదు." ఇటు తిరిగాడు. "అలాంటి కోటు వేసుకుని నీళ్ళలోకి దిగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

నేను తలూపాను. ఆ ఇరవై నిమిషాలు అతను నాకు ఇచ్చినవి. కోసిన కోటు ముక్కలు మూలన ఉన్నాయి. తెల్ల పట్టీని ఎప్పుడు విడదీశాడో, ఆరబెట్టి, చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు. "దీన్ని ఎంత ఆనుకున్నా ఫరవాలేదు" అన్నాడు.

దూరం నుంచి మా అమ్మాయి స్కూటరు చప్పుడు వినిపించింది. పిల్లను నేను భుజాన వేసుకోబోతే, "మీ నడుము సంగతి మర్చిపోయారా, ఇటివ్వండి" అని అతనే ఎత్తుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే దీపం ఆర్పి వచ్చాను. గోడ మీద కోట్లు పదిహేడు, కోసిన రెండింటి కొయ్యలూ బుడగ వేసుకున్నదాని కొయ్యా ఖాళీ. బుడగది రేపు పొద్దున్నే తెచ్చి తగిలించాలి.

ఆ షెడ్డు తలుపు కింద నేలకు రాసుకుంటుంది, మూస్తే కీచుమంటుంది. కత్తెర బాబాయ్ పిల్లను ఒక భుజం మీదకు సర్దుకుని, రెండో చేత్తో తలుపును కొంచెం పైకెత్తి పట్టుకుని, బుడగ లేవకుండా, మెల్లగా మూశాడు.